టైమ్‌కే వచ్చింది, అయినా లేటైంది: పైడ్ ఫ్లైక్యాచర్ కథ

ఈరోజు ఒక పిట్ట గురించి మాట్లాడుకుందాం. పేరు పైడ్ ఫ్లైక్యాచర్. బరువు సుమారు 12 గ్రాములు. మీ చేతిలో ఉన్న ఫోన్ బరువుకి ఓ పదిహేను పిట్టలు తూగుతాయి. ఇంత బుజ్జిది ఏటా పశ్చిమ ఆఫ్రికాలో బయల్దేరి, సహారా ఎడారి దాటి యూరప్ అడవులకి వెళ్తుంది. అక్కడ పిల్లల్ని పెంచి మళ్లీ ఆఫ్రికా వచ్చేస్తుంది. కొన్ని దశాబ్దాలుగా దీనికో వింత కష్టం వచ్చిపడింది. టైమ్‌కే వెళ్తోంది, అయినా లేటవుతోంది. ఎలాగో చెప్తా.

ముందు పరిచయం. మగది పైన నలుపు, కింద తెలుపు, నుదుటి మీద చిన్న తెల్ల మచ్చ. ఆడది గోధుమ రంగు. కొమ్మ మీద కుదురుగా కూర్చుంటుంది, ఎగిరే పురుగు కనపడగానే రివ్వున వెళ్లి గాల్లోనే పట్టేస్తుంది. ఆకుల మీద పాకేవాటినీ వదలదు. ఇది మన దగ్గరికి రాదు గానీ, దీని చుట్టం రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్ చలికాలంలో మన తెలుగు రాష్ట్రాలకి కూడా వస్తుంది. మగదానికి గొంతు దగ్గర నారింజ రంగు ఉంటుంది, మాటిమాటికీ తోక పైకి ఎగరేస్తుంటుంది. మీరు చూసే ఉంటారు, పేరు తెలిసుండదు అంతే.

పైడ్ ఫ్లైక్యాచర్ చెట్టు తొర్రల్లో గూడు పెడుతుంది. మనుషులు చెక్క పెట్టెలు కట్టి వేలాడదీస్తే ఇంకా ఇష్టంగా వచ్చేస్తుంది. సైంటిస్టులకి ఇది పండగ. మూత తీస్తే చాలు, ఎన్ని గుడ్లు, ఏ రోజు పెట్టింది, ఎన్ని పిల్లలు బతికాయి, అన్నీ రాసుకోవచ్చు. దీని గురించి ఇంత డేటా ఉండటానికి ఆ పెట్టెలే కారణం.

ఆ డేటాలో మగవాడి బండారం కూడా బయటపడింది. ఆడది గుడ్లు పెట్టడం అవ్వగానే కొందరు మగాళ్లు మెల్లగా జారుకుని, సగటున 200 మీటర్ల దూరంలో ఇంకో తొర్ర దగ్గర బ్రహ్మచారిలా పాట మొదలుపెడతారు. మూడున్నర కిలోమీటర్ల దాకా వెళ్లినవాళ్లూ ఉన్నారు! రెండో ఆడది గుడ్లు పెట్టాక ఈయన చాలావరకు మొదటి ఇంటికే తిండి మోస్తాడు. రెండో ఇంట్లో తల్లి ఒక్కతే కష్టపడాలి, అందుకే అక్కడ తక్కువ పిల్లలు బతుకుతాయి.

సరే, అసలు విషయానికొద్దాం. పిల్లలకి తిండి ఏంటి? ఓక్ చెట్ల మీది ఆకుపచ్చ పురుగులు. మన గొంగళి పురుగుల్లాంటివే, కానీ ఒంటి మీద దురద పెట్టే నూగు ఉండదు. వసంతంలో ఓక్ లేత చిగుళ్లు వేయగానే ఇవి పుట్టి తెగ తింటాయి. కొన్ని వారాల్లో ఆకు ముదిరి గట్టిపడుతుంది, పురుగులు కిందకి దిగి మట్టిలోకి వెళ్లిపోతాయి. ఇక ఏడాది దాకా కనపడవు. గూట్లో పిల్లలు నోళ్లు తెరిచే రోజులు సరిగ్గా ఆ కొన్ని వారాల్లోనే పడాలి.

భూమి వేడెక్కుతోంది కదా, యూరప్‌లో వసంతం ముందుకొచ్చింది. చిగుళ్లూ ముందుకొచ్చాయి, పురుగులూ ముందుకొచ్చాయి. మరి ఆఫ్రికాలో ఉన్న పిట్టకి ఈ సంగతి ఎవరు చెప్తారు? అది బయల్దేరేది ఒంట్లో ఉన్న ఏడాది గడియారాన్నీ, పగటి పొడవునీ బట్టి. వేల కిలోమీటర్ల అవతల ఈసారి ఎండ ముందే కాసిందన్న నోటిఫికేషన్ దానికి రాదు. పెళ్లికి కార్డులో రాసిన టైమ్‌కే వెళ్లారు, కానీ ముహూర్తం ముందుకు జరిపేశారు. మీరు చేరేసరికి విస్తళ్లు ఎత్తేస్తున్నారు. ఈ పిట్ట పరిస్థితి అదే.

పిట్ట ఊరికే కూర్చోలేదు. నెదర్లాండ్స్‌లో చూస్తే, అడవికి చేరాక గుడ్లు పెట్టడానికి తీసుకునే గ్యాప్ తగ్గించుకుంది. కానీ ఎంతని తగ్గిస్తుంది? వచ్చిందే ఆ తేదీకి. 2006లో క్రిస్టియాన్ బోత్, ఆయన టీమ్ నేచర్ పత్రికలో రాసింది చదివితే గుండె జారుతుంది. పురుగులు బాగా ముందుగా వచ్చేసే అడవుల్లో, రెండు దశాబ్దాల్లో ఈ పిట్టలు సుమారు 90 శాతం తగ్గిపోయాయి. పురుగులు లేటుగా వచ్చే అడవుల్లో మాత్రం అంత నష్టం లేదు.

ఇంకో గొడవ ఇల్లు. గ్రేట్ టిట్ అనే పిట్ట చలికాలమంతా అక్కడే ఉంటుంది, వాతావరణం చూసుకుని ముందే తొర్ర పట్టేస్తుంది. లేటుగా వచ్చిన ఫ్లైక్యాచర్ ఆ తొర్రలోకి తల పెట్టిందో, చచ్చిందే. అక్షరాలా. గ్రేట్ టిట్ దాని తల పొడిచి చంపేస్తుంది, ఒక్కోసారి మెదడు కూడా తినేస్తుంది. కొన్ని సంవత్సరాల్లో మగ ఫ్లైక్యాచర్లలో దాదాపు 9 శాతం ఇలాగే పోయాయని 2019లో లెక్క తేలింది.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన ప్రయోగం. గడియారం మార్చలేం, మరి ఊరు మారిస్తే? బోత్ ఉన్న టీమే డచ్ ఆడ పిట్టల్నీ, గుడ్లనీ తీసుకెళ్లి స్వీడన్‌లో పెట్టింది. అక్కడ గూళ్లు పెట్టే సీజన్ దాదాపు రెండు వారాలు లేటు. ఇంటి దగ్గర లేటైన డచ్ పిట్ట అక్కడ ఫస్ట్ వచ్చేసింది! స్వీడన్ ఆడవాటి కంటే ముందే గుడ్లు పెట్టింది. తర్వాతి తరానికి అది అందించిన సంతానం లెక్క చూస్తే, లోకల్ వాటి కంటే రెండున్నర రెట్లు ఎక్కువ. ఈ టైమింగ్ చాలావరకు తల్లిదండ్రుల నుంచే పిల్లలకి వస్తుందని కూడా తేలింది. ఈ ఫలితాలు 2023లో వచ్చాయి.

అయితే ప్రతి పిట్టనీ ఎవరూ మోసుకెళ్లలేరు కదా. పెద్దవి చాలావరకు పోయినేడు గూడు పెట్టిన చుట్టుపక్కలకే తిరిగొస్తాయి. తొలిసారి గూడు పెట్టబోయే కుర్ర పిట్టల్లో మాత్రం కొన్ని పుట్టిన అడవి వదిలి దూరం పోతాయి. వాటిలో ఉత్తరం వైపు తిరిగినవి ఎన్ని ఉంటే, స్వీడన్ అడవుల్లో అంతగా ముందుగా లేచే పిల్లలు పుడతాయి.