తెరపై చుక్క, ఆకాశంలో ప్రాణాలు

అనకాపల్లిలో మేడ మీద నిలబడి విశాఖ వైపు దిగే విమానాన్ని పిల్లలు చూపినప్పుడు, గల్ఫ్‌లో ఉన్న మన అయినవారు గుర్తుకు వస్తారు. రాడార్ తెరకు మాత్రం అది కదిలే చుక్క. ఆ చుక్కలో ఎవరున్నారో క్షిపణికి తెలియదు. మనిషి చూపిన లక్ష్యం వైపు అది దూసుకుపోతుంది.

1988 జూలై 3న బందర్ అబ్బాస్ నుంచి దుబాయికి బయలుదేరిన ఇరాన్ ఎయిర్ 655 విమానాన్ని అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ క్షిపణులతో కూల్చివేసింది. 290 మంది మరణించారు. వారిలో 66 మంది పిల్లలు, 10 మంది భారతీయులు. విమానం పైకి ఎగురుతూ పౌర సంకేతాన్నే పంపుతున్నా, దాడికి దిగుతున్న యుద్ధవిమానమని నౌకలోనివారు భ్రమించారు.

అంతటి దుఃఖాన్ని చవిచూసిన ఇరానే 2020 జనవరి 8న ఉక్రెయిన్ విమానాన్ని పొరపాటున కూల్చి 176 మందిని బలిగొన్నది. అంతకు కొద్ది గంటల ముందే ఇరాక్‌లోని అమెరికా స్థావరాలపై క్షిపణులు ప్రయోగించి కూడా, టెహ్రాన్ గగనతలాన్ని మూసివేయలేదు. నిజాన్ని మూడు రోజులకు గాని ఒప్పుకోలేదు.

హైదరాబాదులో రూపొందిన ఆకాశ్ క్షిపణులు 2025 మే ఘర్షణలో మన దేశానికి రక్షణగా నిలిచాయి. ఆ రోజులలోనే ప్రభుత్వం 32 విమానాశ్రయాలలో పౌర విమానాల రాకపోకలను నిలిపివేసింది. ఆయుధానికి పదునెంత అవసరమో, ఈ ముందుజాగ్రత్త అంతకన్న అవసరం. విమానం రద్దయిన వార్త వింటే మనం విసుగుపడతాము. అయినవారు ఒకరోజు ఆలస్యంగా వచ్చినా, ఇల్లు చేరడమే మనకు ముఖ్యం.