ఒక్కరు రాకపోతే పడవ కదలదు

అమెరికాలోని చిన్న కాలేజీల్లో చేరే మన పిల్లలకి మొదటి వారంలోనే ఓ పిలుపు వినిపించొచ్చు. 'రోయింగ్ టీములోకి రండి, తెడ్డు పట్టడం రాకపోయినా ఫర్వాలేదు' అని. అది ఉత్తమాటేం కాదు. చాలా టీములు కొత్తవాళ్లని తీసుకుని, ముందు రోయింగ్ మెషీన్ మీద, తర్వాత నీళ్లమీద నేర్పిస్తాయి. పొట్టిగా, సన్నగా ఉన్నామని వెనకాడక్కర్లేదు. కేకలేస్తూ పడవని నడిపించే కాక్స్ తేలిగ్గా ఉంటేనే మేలు!

చిక్కంతా టైముతోనే. తెల్లవారుజామున గాలి తక్కువ, క్లాసులూ అడ్డురావు. అందుకే ప్రాక్టీసు చాలాచోట్ల ఆరింటిలోపే. అసైన్‌మెంట్ గడువేమో అర్ధరాత్రి. మధ్యలో నలిగేది నిద్ర.

పెద్ద యూనివర్సిటీలో అయితే మీ బదులు ఇంకొకరు కూర్చుంటారు. చిన్న టీములో నలుగురి పడవకి సరిగ్గా నలుగురే ఉంటే, మీరు లేవని రోజు మిగతా ముగ్గురూ ఒడ్డున నిలబడాల్సిందే. క్రికెట్ పదిమందితోనైనా ఆడొచ్చుగానీ, ఒకవైపు తెడ్డు తగ్గితే పడవ తిన్నగా పోదు.

పోనీ ఒక కోర్సు వదిలేద్దామా అంటే, ఎఫ్-1 వీసా మీదున్న డిగ్రీ విద్యార్థి మామూలుగా సెమిస్టర్‌కి 12 క్రెడిట్లు చదవాల్సిందే. కాబట్టి ల్యాబులు, మిడ్‌టర్మ్‌ల తేదీలు కోచ్‌కి సెమిస్టర్ మొదట్లోనే చెప్పేయండి, పరీక్ష ముందురోజు రాత్రి కాదు. 2000 మీటర్ల పందేలు జరిగే వసంతకాలంలోనే ఫైనల్సూ తరుముకొస్తాయి. పందేలకెళ్లే బస్సులో పుస్తకం తెరవగలరో లేదో చూసుకోండి.

అన్నట్టు, ఈత వచ్చా? చాలా టీములు ఈత పరీక్ష పెట్టాకే పడవ ఎక్కనిస్తాయి.