గొంతు పోయాక రాసిన పాటలు

మా మార్కాపురం పలకల ఊరు. పలక రాయి కోసేటప్పుడు లేచే సన్నటి దుమ్ము ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే, తర్వాత ఊపిరి అందదు. మా తాత ఆ పని చేసినవాడే. ఒకప్పుడు చెన్నకేశవస్వామి గుడి భజనలో ఆయన గొంతే ముందు వినపడేది. ఇప్పుడు ఒక చరణం కూడా పూర్తి చేయలేడు. "ఇంక మనకెందుకులేరా పాట" అని తాళాలు అటక మీద పెట్టేశాడు.

గొంతు పోతే పాట కూడా పోయినట్టేనా? దీనికి దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి జీవితంలో ఒక జవాబు దొరికింది. ఇంగ్లీష్ మీడియం వాణ్ణి కాబట్టి నాకు ఆయన పేరు ఒక్క మార్కు బిట్‌గానే తెలుసు.

ఆయన 1897లో పిఠాపురం దగ్గర చంద్రంపాలెంలో పుట్టారు. వయసులో ఉండగానే మొదటి భార్యని పోగొట్టుకున్నారు. 'కృష్ణపక్షం' నిండా కనిపించే దిగులు ఊరికే రాలేదు. 1951లో 'మల్లీశ్వరి'తో సినిమా పాటల్లోకి వచ్చారు. సభల్లో మాట్లాడితే జనం కదలకుండా వినేవారు. అలాంటి మనిషికి 1960లలో గొంతు క్యాన్సర్ వల్ల మాట పోయింది. ఆ తర్వాత ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసి చూపించడమే.

కానీ పాటలు ఆగలేదు. 1968లో 'ఉండమ్మా బొట్టు పెడతా'లో లక్ష్మీదేవిని ఇంటికి పిలిచే పాట, 1979లో 'గోరింటాకు'లో గోరింటాకు మీద పాట, రెండూ మాట పోయాక రాసినవే. ఆయన 1980లో చనిపోయారు. 1982లో వచ్చిన 'మేఘసందేశం'లో కూడా ఆయన పాటలున్నాయి.

ఇదెలా కుదిరింది? పాట ఒక్కరి పని కాదు కాబట్టి. మాట ఒకరిది, బాణీ ఒకరిది, గొంతు ఇంకొకరిది. మాట బాగున్న రోజుల్లోనే ఆయన పాటల్ని మేనకోడళ్ళు వింజమూరి అనసూయ, సీత ఊరూరా పాడారు. అంటే ఆయన పాట ముందు నుంచీ వేరేవాళ్ళ గొంతులో బతుకుతూనే ఉంది. జబ్బు గొంతుని తీసుకెళ్ళింది. మాటల్ని ఏరే చెవిని, రాసే చేతిని ముట్టుకోలేదు.

అలాగని ఏమీ పోలేదని కాదు. ఆ ఉపన్యాసాలు తిరిగి రాలేదు. రాసిన పాటని తనే పైకి అనుకుని చూసుకునే వీలు కూడా లేదు. "మనసుంటే చాలు, అన్నీ సాధించొచ్చు" అనే పోస్టర్ మాటలు నాకు అందుకే నచ్చవు. పోయింది పోయిందే. అయితే మన కళలో ఏ భాగం పోయింది, ఏది మిగిలింది, పోయినదాన్ని ఎవరితో పంచుకోవచ్చు అని విడదీసి చూసుకోవాలి. మొత్తం ప్రోగ్రాం డిలీట్ చేసే ముందు ఏ ఫంక్షన్ పనిచేయట్లేదో చూస్తాం కదా, అలా.

మొన్న ఊరెళ్ళినప్పుడు ఫోన్‌లో లక్ష్మీదేవి పాట పెట్టి, ఇది రాసినాయనకి అప్పటికే మాట లేదని తాతకి చెప్పాను. ఏమీ అనలేదు. కాసేపటికి మంచం పట్టె మీద వేళ్ళతో తాళం వేయడం మొదలుపెట్టాడు. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు.

"వీధిలో పిల్లలకి భజన నేర్పొచ్చుగా తాతా, వాళ్ళు పాడతారు, నువ్వు తాళం చూసుకో" అన్నాను.

"చూద్దాంలే" అన్నాడు. అటక మీద నుంచి తాళాలు మాత్రం నాతోనే దింపించాడు.