మన సీమలో తయారైన బండి కొనదగునా?

పెనుకొండయొద్ద ఎఱ్ఱమంచిలో కొరియాదేశపు కియా కంపెనీవారు 2019 నుండి మోటారుకార్లు తయారుచేయుచున్నారు. మన పొలిమేరలో తయారగుటచే మనకవి చౌకగా దొరకునని కొందఱు సభ్యులు తలంచుచున్నారు. అది సరిగాదు. పన్ను బండి రకమునుబట్టియేగాని పుట్టిన చోటునుబట్టి తగ్గదు.

మనకు కావలసినది కారుకన్న ట్రాక్టరు. అదియు స్వదేశముననే విస్తారముగా తయారగుచున్నది. 2025 సెప్టెంబరు 22 నుండి దానిపై పన్ను నూటికి 12 నుండి 5కు తగ్గినది. అయినను మేము సభ్యుల నడుగునది వేఱు: వానమీద వేరుసెనగ వేయు అయిదెకరముల రైతు దానికి ఏటికెన్ని దినములు పని చూపగలడు? పదును నిలుచునది నాలుగు దినములు. పిదప బండి కొట్టములో నుండును, కంతు మాత్రము ఆగదు. అట్టివారు అద్దెకు తెచ్చుకొనుటయో, పదిమంది కూడి కొనుటయో మేలు. కొనువారు విడిభాగములును మరమ్మతు చేయువాడును హిందూపురములోనో అనంతపురములోనో దొరకునో లేదో ముందు విచారింపవలెను.