దాలి వేడిమిలో ఉదయాహారపు పట్టీలు

తెల్లవారకముందే చేనికి బయలుదేరి, ప్రొద్దెక్కిన తరువాత గట్టుమీద మూట విప్పుకొని తినే సద్ది కర్నూలు, కడప పల్లెలలో చిరకాలంగా ఉన్న ఉదయాహారం. జొన్నరొట్టె, ఎర్రగడ్డ, కారం. కాకుంటే సంగటి ముద్ద, మజ్జిగ. నేడు ఏడుగంటల బస్సు పట్టుకొనే విద్యార్థికీ, కూలికీ, గుమాస్తాకూ మూట విప్పే తీరిక లేదు. ఏమీ తినకుండానే పోవటమో, దారిలో బిస్కెట్ల పొట్లం కొనటమో జరుగుతున్నది. ఆ బిస్కెట్లలో ఎక్కువ భాగం మైదా, చక్కెర, క్రొవ్వు. చేతితో పట్టుకొని నడుస్తూ తినదగిన, అంతకంటె బలమైన పట్టీని ఈ మెట్టనేలల పంటలతోనే ఇంటిలో చేసుకొనవచ్చును.

ఇది క్రొత్త ఊహ కాదు. వేరుశనగను కర్నూలు వైపు బుడ్డలంటారు, కడప వైపు చెనిక్కాయలంటారు. పేరేదైనా, బెల్లపు పాకంలో వాటిని వేసి ఉండలు కట్టటం, పట్టీలుగా కోయటం అందరూ ఎరిగినదే. 2020 జనవరి నుండి ఆంధ్రప్రదేశ్ బడిపిల్లల మధ్యాహ్న భోజనంలో ఈ పట్టీయే చిక్కి పేరుతో చేరింది. అయితే పాకం పట్టీ చేయటంలో నేర్పంతా వేడిలోనే ఉన్నది. బెల్లంలో నీరు ఉన్నంతసేపు పాకం వేడి 100 డిగ్రీల సెంటిగ్రేడును ఎంతో దాటదు. నీరు ఎగిరిపోయినకొద్దీ వేడి పెరుగుతుంది. 145 డిగ్రీల ప్రాంతానికి వచ్చేసరికి నీరు దాదాపు పూర్తిగా పోయి, చల్లారిన పాకం గాజువలె బిగుసుకుంటుంది. చన్నీళ్ళలో చుక్క వేసి, టక్కున విరిగినదా లేదా అని గృహిణులు చూచే పరీక్ష ఈ వేడిని కొలవటానికే. ఒక్క నిమిషం ఆలస్యమైతే పాకం మాడి చేదెక్కుతుంది. తొందరపడితే పట్టీ సాగుతుంది. పైగా పట్టీ కదలకుండా నిలవాలంటే బెల్లం దండిగా పోయవలె. పండ్లు లేని ముసలివారికి అది కొరుకుడు పడదు.

దీనికి మరొక దారి మందమైన వేడి. ఇప్పుడు పట్టణాలలో అమ్ముతున్న స్లో కుక్కర్ అనే విద్యుత్ పాత్ర ఆ పని చేస్తుంది. మందమైన పింగాణీ కుండ చుట్టూ వేడి తీగలుంటాయి, పైన మూత ఉంటుంది. ఇది సుమారు 150 నుండి 250 వాట్ల విద్యుత్తును మాత్రమే తీసుకొని, గంటల తరబడి లోని పదార్థాన్ని నీరు మరిగే వేడికి కొంచెం దిగువగా నిలుపుతుంది. దీని పుట్టుక చిత్రమైనది. లిథువేనియాలోని యూదులు సబ్బాతు నాడు పొయ్యి రాజేయరు గనుక, ముందునాటి సాయంకాలమే చిక్కుడు గింజల కుండను రొట్టెల భట్టీలో ఉంచి, ఆరిపోతున్న వేడిలో రాత్రంతా ఉడకనిచ్చేవారు. ఆ సంగతి తల్లి నోట విన్న ఇర్వింగ్ నాక్సన్ అనే అమెరికన్ ఇంజనీరు ఇటువంటి విద్యుత్ పాత్రకు 1940లో పేటెంటు పొందాడు. 1970 దశకంలో అది అమెరికాలో ఇంటింటి వస్తువయింది.

తెలుగువారికి ఈ సూత్రం తెలియనిది కాదు. పెరటిలోని దాలిగుంటలో పిడకలు రాజేసి, పైన పాలకుండ పెట్టి సాయంకాలం దాకా వదిలివేయటం ఎన్నో ఇళ్ళలో ఉండేది. పొంగదు, మాడదు, పాలు ఎర్రగా కాగి మీగడ దట్టంగా కడుతుంది. స్లో కుక్కర్ పొగలేని దాలి అనుకొంటే దాని గుణదోషాలు రెండూ తెలిసిపోతాయి.

గుణం, మాడకపోవటం. దోషం, వేడి 100 డిగ్రీలను దాటకపోవటం. కనుక ఇందులో గట్టిపాకం ఎన్నటికీ రాదు. ఇక పట్టీని ఏది బిగించవలె? పిండి బిగిస్తుంది. కొర్రపిండిలోని పిష్టకణాలు తడి తగిలి, 70 డిగ్రీలు దాటిన తరువాత నీరు పీల్చి ఉబ్బి, ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. బెల్లం ఉన్నచోట అది కూడా నీటికి పోటీ వస్తుంది గనుక పిండి ఉడకటానికి మరికొంత వేడీ, వ్యవధీ కావలె. అందుకే మూడుగంటలు. గోధుమలో ఉండే జిగురు మాంసకృత్తు కొర్రలో లేదు గనుక పట్టీ పొడిపొడిగా రాలే ప్రమాదమున్నది. నానినప్పుడు జిగట విడిచే అవిసెగింజల పొడి రెండు చెంచాలు ఆ లోటు తీరుస్తుంది.

కొర్రనే ఎన్నుకోవటానికి కారణమున్నది. సాలుకు 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా, అదీ నమ్మకం లేకుండా కురిసే ఈ నేలలో కొర్ర మూడు నెలలు తిరగకముందే కోతకు వస్తుంది. నంద్యాలలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం సూర్యనంది వంటి త్వరగా పండే రకాలను రూపొందించింది. కొర్రలో నూటికి 12 పాళ్ళ వరకు మాంసకృత్తులు ఉన్నా, లైసీన్ అనే ఆవశ్యక అమైనో ఆమ్లం తక్కువ. బుడ్డలలోనూ అది చాలినంత లేదు. ఆ కొరతను తీర్చేది నల్లరేగళ్ళలో పండే పప్పుశనగ, అంటే పుట్నాలు. కొర్ర, బుడ్డలు, పుట్నాలు మూడూ కలిసినప్పుడే పట్టీ ఆహారమనిపించుకుంటుంది. లేకుంటే అది తీపి తినుబండారమే.

బుడ్డల విషయంలో ఒక హెచ్చరిక తప్పదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు హఠాత్తుగా చనిపోయాయి. దాణాలోని వేరుశనగ పిండిపై పెరిగిన బూజు విడిచిన విషమే కారణమని మరుసటి సంవత్సరం తేలింది. అదే అఫ్లాటాక్సిన్, కాలేయానికి చేటు, క్యాన్సర్ కారకం. కాయ ఊరే దశలో వాన ముఖం చాటేసి నేల కాగితే, ఈ బూజు నేలలోనే కాయకు పట్టుతుంది. రాయలసీమ రైతుకు ఆ దశలో బెట్ట క్రొత్త కాదు గదా. కోసిన కాయ సరిగా ఎండకున్నా ఇదే ముప్పు. ముఖ్యమైన సంగతేమంటే, వంటవేడి ఈ విషాన్ని నిర్మూలించలేదు. మూడుగంటలు కాదు, రోజంతా ఉడికించినా స్లో కుక్కర్ వేడికి అది పోదు. కనుక ముడుతలు పడిన, రంగు మారిన, పుచ్చిన, చేదు గింజలను చేటలోనే ఏరి పారవేయవలె. పిల్లల కోసం చేసేటప్పుడు ఈ ఏరివేతను పనిలోకెల్లా పెద్దపనిగా ఎంచవలె.

కొర్రపిండి 150 గ్రాములు, పుట్నాల పొడి 75, బుడ్డలు 100, నువ్వులు 25, బెల్లం 150, అవిసె పొడి రెండు చెంచాలు, బుడ్డల నూనె రెండు పెద్ద చెంచాలు. సొంటి, ఏలకి, చిటికెడు ఉప్పు. కుక్కర్‌లో దేనికీ వేపుడు వాసన రాదు, ఆ వేడి అక్కడ లేదు గనుక. కాబట్టి బుడ్డలనూ నువ్వులనూ పిండినీ ముందుగా బాణలిలో విడివిడిగా కమ్మగా వేయించవలె. బుడ్డల పొట్టు తీసి కచ్చాపచ్చాగా దంచవలె. బెల్లాన్ని గ్లాసు నీటిలో కరిగించి వడగట్టితే ఇసుక దిగిపోతుంది. అన్నిటినీ కలిపి, అరగంట నానిన తరువాత గరిటెకు అంటుకొనే ముద్దగా చూచుకోవలె. గట్టిగా ఉంటే కొద్దిగా నీరు చిలకరించవచ్చు. నూనె రాచిన అరటియాకు కుండలో పరచి, ముద్దను వ్రేలెడు మందాన అదిమి, తక్కువ వేడిలో మూడుగంటలు ఉంచవలె.

చాలామంది తప్పేది మూత దగ్గర. ముద్దలో నుండి లేచిన ఆవిరి చల్లని మూతకు తగిలి చుక్కలై మరల పట్టీ మీదనే పడి, పైభాగం బురదవుతుంది. మూత క్రింద పొడిగుడ్డ బిగించి కడితే ఆ నీటిని గుడ్డ పీల్చుకుంటుంది. గుడ్డ అంచులు వ్రేలాడి వేడి భాగానికి తగలకుండా పైకి మడిచి కట్టవలె. చివరి అరగంట మూతను కొంచెం తెరచి ఉంచితే మరికొంత తడి పోతుంది. కుక్కర్ లేనివారు ఇడ్లీపాత్రలో నూనె రాచిన పళ్ళెం పెట్టి, ఇదే గుడ్డకట్టు కట్టి, ముప్పావుగంట ఉడికించవచ్చు; అక్కడా వేడి అంతే. పూర్తిగా చల్లారిన తరువాతనే కోయవలె. వేడిమీద కోస్తే విరిగిపోతుంది, చల్లారేటప్పుడే పిండి బిగుస్తుంది.

ఇది పన్నెండు ముక్కలవుతుంది. లెక్కవేస్తే ఒక్కొక్క ముక్కలో 5 గ్రాములకు పైగా మాంసకృత్తులు, 190 కిలోకాలరీల వరకు శక్తి. 12 గ్రాముల బెల్లం కూడా ఉన్నది. బెల్లంలో ఇనుము ఉన్నదని చెప్పి తీపి పెంచటం తగదు. దానిలో అధికభాగం చక్కెరే, ఇనుము చేసే విధానాన్నిబట్టి మారుతుంది. ధాన్యపు ఇనుము ఒంటబట్టటానికి ముక్కతోపాటు ఒక జామకాయ తినటం మేలు. వేరుశనగ పడనివారు దీని జోలికి పోరాదు.

గట్టిపాకం పట్టీకి వారాల నిలువ ఉన్నది, తడి లేదు గనుక. ఈ మెత్తని పట్టీకి ఆ భాగ్యం లేదు. కడప ఎండ 40 డిగ్రీలు దాటే రోజులలో చేసిన మరునాటికే ముగించవలె. చలికాలంలో రెండురోజులు ఆగుతుంది, ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు. ప్రయాణానికి ప్లాస్టిక్ సంచిలో చుట్టితే లోపల చెమ్మగిల్లి త్వరగా బూజు పడుతుంది. మోదుగాకులోనో శుభ్రమైన నూలుగుడ్డలోనో చుట్టి తీసుకుపోవటం మంచిది.