గాయమునకుఁ బరిహారము – అతిశయోక్తికి నష్టము

లారీ తాఁకి కాలు విఱిగిన రైతు నష్టపరిహారము కోరుట యాచన కాదు, హక్కు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము, 166వ సెక్షనున ఈ హక్కు చెప్పఁబడియున్నది. ఐనను దీనిని గూర్చి రెండు వాదములు వినవచ్చుచున్నవి. గోరంత గాయమును కొండంత చేసి సొమ్ము గుంజుట వృత్తి యైపోయినదని కొందఱందురు. నిజముగా నష్టపడినవారు కోర్టు మెట్టెక్కుటకే జంకుచున్నారని మఱికొంద ఱందురు. రెంటను కొంత సత్యము కలదని మా యభిప్రాయము.

మోసము లేదనుటకు వీలులేదు. ఉత్తరప్రదేశమున దాఖలైన బూటకపు అర్జీలను శోధించుటకై 2015లో అలహాబాదు హైకోర్టు ఉత్తరువుపై ప్రత్యేక దర్యాప్తు బృందము ఏర్పడినది. ఆ వ్యవహారమున న్యాయవాదులపైఁ గూడ ఆరోపణలు వచ్చినవి.

ఇఁక గాయపు కొలత మాట. వైకల్యము నూటి కింత యని వైద్యుఁడు వ్రాసి యిచ్చినమాత్రమున సంపాదనయు నంతే తగ్గెనని యెంచరాదని 2010లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఎడమచేయి పోయిన వడ్రంగికి బ్రదుకుతెరువే పోవచ్చును. అదే గాయము తగిలిన గుమాస్తాకుఁ గొలువు నిలువవచ్చును. అడిగినవారి కెల్ల సర్టిఫికెట్టు లిచ్చు వైద్యుల విషయమున జాగ్రత్త వహింపవలెననియు ఆ తీర్పు హెచ్చరించినది. కాఁబట్టి అంకెను పెంచుటకంటె, ప్రమాదమునకు మునుపు మనము చేయుచుండిన పని యేది, నేఁడు చేయలేకున్న దేది యని చూపుటయే మేలు. దుక్కికిఁ గూలి మనిషిని పెట్టవలసివచ్చిన, ఆ ఖర్చు చూపవలెను.

"కంపెనీ సొమ్మే కదా!" యని కొంద ఱందురు. ఆ సొమ్ము బండ్లుగల మనమందఱము కట్టిన ప్రీమియమే. సంఘపు నిధి యెట్టిదో భీమా నిధియు నట్టిదే. ఒకఁడు దోఁచిన నందఱును మోయవలెను. అంతకంటెఁ గీడు వేఱొకటి కలదు. పది బూటకపు అర్జీలు చూచినవారు పదునొకండవ వాని నిజమును గూడ ననుమానింతురు. నిజముగాఁ గాలు పోఁగొట్టుకొన్నవాఁడు ఆ పదునొకండవవాఁడే కావచ్చును.

సభ్యులారా! ప్రమాదము జరిగినంతనే పోలీసులకుఁ దెలుపుఁడు. మొదట చూపించుకొన్న ఆసుపత్రి చీటీలను, మందుల రసీదులను భద్రపఱచుఁడు. అర్జీ ఆఱు నెలలలోఁ జేయవలెనను నియమము 2019 సవరణచేఁ జేరి, 2022 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. కావున జాగు చేయకుఁడు. వచ్చినదానిలో సగము తనదని బేరమాడు దళారిని గడప త్రొక్కనీయకుఁడు. తగిలిన దెబ్బను దాఁపకుఁడు; తగులని దెబ్బను జెప్పకుఁడు.