బూడిదరంగు అలమరలకు ఏ రంగు తోడు?

క్రిందటి సంవత్సరం మా వంటగదికి చెక్క అలమరలు చేయించుకున్నాము. అంతవరకు మాకు ఉన్నదల్లా ఒక బండ గట్టు, దాని క్రింద పాత చీరతో కుట్టిన తెర, గోడకు రెండు సిమెంటు అరలు. పట్నంలో బంధువుల ఇల్లు చూసి వచ్చిన మా పిల్లలు, అలమరలు బూడిదరంగులోనే ఉండాలని పట్టుబట్టారు. షాపులో దానిని గ్రే అన్నారు. వడ్రంగి సిమెంటు రంగు అన్నాడు. మా అమ్మ మాత్రం, "పొయ్యిలో బూడిద చాలదా నాయనా, దానికి డబ్బు కూడా పెట్టాలా?" అన్నది. అందరమూ నవ్వుకున్నాము.

నవ్వినంత సేపు పట్టలేదు పొరపాటు చేయడానికి. అలమరలకు జోడుగా ఉంటుందని గోడలకు కూడా లేత బూడిదరంగే వేయించాము. గట్టు మీద బూడిదరంగు తాండూరు బండ. తలుపుల పిడులు కూడా అదే రంగు. మన ఇళ్ళలో గిన్నెలన్నీ స్టీలువే గదా, అవి కూడా ఆ రంగులోనే కలిసిపోయాయి. చూసినవారంతా ఎంతో నీటుగా ఉందన్నారు.

రెండవ వారంలో ఒక ఉదయాన మా అమ్మ గంజి వార్చి గిన్నెను గట్టు మీద పెట్టబోయింది. సగం గిన్నె గట్టు మీద, సగం గాలిలో. వేడి గంజి ఆమె పాదం మీద పడింది. వెంటనే చన్నీళ్ళు ధారగా పోసి ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. కాలు మానింది గానీ ఆమె అన్న మాట మాత్రం మా మనసులో మానలేదు. "గట్టు ఎక్కడ అయిపోయిందో నాకు కనబడలేదు నాయనా. ఇక నేను వంటింట్లోకి రానులే. మీకు అడ్డం." నలభై ఏళ్ళు ఆ ఇంటికి అన్నం పెట్టిన మనిషి నోట వచ్చిన మాట అది. ఆమె ఒక కంటికి శుక్లం ముదురుతోందని మాకు తెలుసు. తెలిసి కూడా రంగులు ఎంచేటప్పుడు ఆ కంటిని తలచుకోలేదు.

అలమరలు పీకివేద్దామా అంటే వాటి అప్పు ఇంకా తీరలేదు. అందుచేత వాటిని అలాగే ఉంచి, వాటి చుట్టూ ఏమి మార్చవచ్చునో తెలిసినవారిని అడిగి, చదివి తెలుసుకున్నాము. ఇప్పుడు మన పల్లెల్లో కూడా చాలా కుటుంబాలు ఇటువంటి అలమరలు పెట్టించుకుంటున్నాయి గనుక, మేము నేర్చుకున్నది చదువరులతో పంచుకుంటున్నాము.

బూడిదరంగు ఒకటి కాదు

నలుపు తెలుపు కలిపితే బూడిదరంగు అని చిన్నప్పుడు బడిలో చెప్పారు. కాని షాపులో దొరికే బూడిదరంగులో దాదాపు ఎప్పుడూ మరొక రంగు దాగి ఉంటుంది. కొన్నింటిలో నీలం, కొన్నింటిలో ఆకుపచ్చ, కొన్నింటిలో గోధుమ. విడిగా చూస్తే అది తెలియదు. సన్‌మైకా ముక్కను ఒక తెల్ల కాగితం మీద పెట్టి, కిటికీ దగ్గర పగటి వెలుగులో చూడండి. దాగిన రంగు బయటపడుతుంది.

ఒక రంగు పక్కన మరొక రంగు పెడితే రెండూ మారినట్లు కనబడతాయి. ఈ సంగతిని శాస్త్రంగా వివరించినది ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రోల్. పారిస్‌లో గోబెలిన్ అనే తివాచీల కార్ఖానాలో ఆయన 1824 నుండి అద్దకపు విభాగానికి అధికారిగా ఉన్నాడు. నల్ల రంగు సరిగా రావడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. ఆయన పరీక్షించి చూస్తే నల్ల దారంలో లోపమేమీ లేదు. దాని పక్కన నేసిన రంగుల వలన అది వెలిసినట్లు కనబడుతున్నది. ఈ విషయమై ఆయన 1839లో ఒక పెద్ద గ్రంథమే ప్రచురించాడు. దీనికి ఎక్కువగా లోబడేది బూడిదరంగే. ఎరుపు పక్కన పెడితే కాస్త పచ్చగా, పసుపు పక్కన పెడితే కాస్త నీలంగా తోస్తుంది. గనుక అలమర ముక్క ఇంట్లో పెట్టి గోడ రంగు షాపులో ఎంచుకోవడం పొరపాటు. రెండూ పక్కపక్కనే పెట్టి చూడాలి.

ఏ రంగుకు ఏది జోడు

నీలం దాగిన బూడిదరంగు చల్లగా ఉంటుంది. దానికి మీగడ రంగు గోడ, టేకు లేక వేప చెక్క రంగు అరలు, ఇత్తడి పిడులు బాగుంటాయి. మల్లెపువ్వు తెలుపు వేస్తే ఆ గది ఆసుపత్రి గదిలాగా తోచవచ్చు.

గోధుమ దాగిన బూడిదరంగు వెచ్చనిది. దానికి కొద్దిగా పసుపు కలిసిన తెలుపు, ఒక గోడకు కుండ ఎరుపు, నేలకు పసుపు తాండూరు రాయి కుదురుతాయి. ఆకుపచ్చ దాగినదానికి లేత తెలుపు, చెక్క రంగు చాలు. దాని పక్కన ముదురు ఎరుపు పెడితే పచ్చదనం ఇంకా పైకి వస్తుంది.

ముదురు బూడిదరంగు అలమరలైతే క్రింది వరుసకే ఉంచి, పై వరుస తెలుపు లేక మీగడ రంగు చేయించుకోవడం మంచిది. మన వంటగదులు చిన్నవి, కిటికీలు ఇంకా చిన్నవి. తల ఎత్తులో ముదురు రంగు ఉంటే వెలుగంతా అది మింగివేస్తుంది.

గట్టు రాయి సంగతి కూడా చూడాలి. కడప బండ, తాండూరు బండ రెండూ సున్నపురాళ్ళే. నిమ్మరసం, చింతపండు పులుసు పడి నిలిస్తే మచ్చ పడుతుంది, వెంటనే తుడవాలి. గ్రానైటుకు ఆ బాధ తక్కువ. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరికే నల్ల గ్రానైటులో బంగారు చుక్కలుంటాయి గనుక, బూడిదరంగు అలమరల మీద అది ఇత్తడి పిడులతో బాగా కలుస్తుంది.

వెలుగు తేడా అందరికీ అవసరం

రంగుల కంపెనీలు ప్రతి రంగుకూ ఒక సంఖ్య ఇస్తాయి. ఆ రంగు తన మీద పడిన వెలుగులో ఎంత తిప్పి పంపుతుందో అది చెబుతుంది. పూర్తి నలుపు 0, పూర్తి తెలుపు 100. అంగవైకల్యం గలవారికి అనువుగా భవనాలు కట్టడానికి బ్రిటన్‌లో బీఎస్ 8300 అనే ప్రమాణం ఉంది. చూపు తక్కువైనవారు గుర్తుపట్టాలంటే గోడ, నేల, తలుపు వంటి వాటి మధ్య ఈ సంఖ్యలో 30 వరకు తేడా ఉండాలని అది సూచిస్తుంది. శుక్లం పట్టిన కన్ను మొదట పోగొట్టుకునేవాటిలో ఈ తేడాను పట్టే శక్తి ఒకటి. మా గట్టుకూ అలమరకూ మధ్య ఆ తేడా దాదాపు లేదు. తప్పు మా అమ్మ చూపుది కాదు, మా ఎంపికది.

సంఖ్యలు తెలియకపోయినా ఒక సులువైన పరీక్ష ఉంది. సెల్‌ఫోనులో వంటగది ఫొటో తీసి దానిని నలుపు తెలుపుగా మార్చండి. అందులో గట్టు అంచు, గోడ, అలమర వేరు వేరుగా కనబడుతున్నాయా? కనబడకపోతే మీ ఇంట్లో పెద్దవారికి కూడా కనబడదు. మేము మా ఫొటో చూసి సిగ్గుపడ్డాము. అది ఒకే మేఘంలాగా ఉంది.

మెరుపు మంచిదా, మట్టసం మంచిదా?

బాగా మెరిసే తలుపు మీద తాలింపు జిడ్డు సులువుగా తుడుచుకుపోతుంది. అయితే గీతలు, వేలి ముద్రలు ఎక్కువ కనబడతాయి, దీపం వెలుగు అద్దంలోలాగా కంట్లో కొడుతుంది. మెరుపు లేని తలుపు కంటికి హాయి. కాని దాని మీద జిడ్డు మరకలు పట్టుకుంటాయి, పసుపు మరక త్వరగా వదలదు. రెంటికీ మధ్యగా సన్నని నునుపు గలది మన వంటకు అనుకూలం. పొయ్యి వెనుక గోడకు మాత్రం మెరిసే టైల్సే వేయించుకోండి. నేలకు మెరిసే టైల్స్ వద్దు, నూనె చుక్క పడితే జారుతారు.

చెక్క మాటకొస్తే, సింకు దగ్గర అలమరలకు నీటిని తట్టుకునే ప్లైవుడ్ కావాలి. ఐఎస్ 303 బీడబ్ల్యూఆర్ గానీ, ఇంకా గట్టిదైన ఐఎస్ 710 గానీ ముద్ర ఉందేమో చూడండి. రంగు ఎంత చక్కగా ఉన్నా లోపలి చెక్క ఉబ్బితే ఖర్చంతా వృథా.

గోడ రంగు, దీపం

1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం వచ్చిన తరువాత పల్లెల్లో అనేక ఇళ్ళకు గ్యాసు పొయ్యి చేరింది. మసి తగ్గిన వంటగదిలో లేత రంగులు నిలుస్తాయి. ఇప్పటికీ కట్టెల పొయ్యి ఉన్నవారు ఏటా సున్నం వేసుకోవడమే మేలు. సున్నపు గోడ మీద ఎమల్షన్ వేయాలంటే పాత సున్నం బాగా గోకి, ప్రైమరు కొట్టిన తరువాతే వేయాలి. లేకపోతే పొరలు పొరలుగా ఊడివస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండవచ్చు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని 2016లో నియమాలు చేసి, 2017 నవంబరు 1 నుండి అమలు చేశారు. అంతకు ముందటి తలుపులను, కిటికీలను పొడిగా గీకితే ఆ ధూళి పసిపిల్లలకు, గర్భిణులకు చాలా హాని. తడిపి గీకించండి, ఆ సమయంలో వారిని ఇంట్లో ఉంచకండి.

దీపాన్ని కూడా మరువరాదు. 6500 కెల్విన్ అని రాసిన తెల్లని బల్బు క్రింద నీలపు బూడిదరంగు మరీ చల్లబడుతుంది. 3000 కెల్విన్ బల్బు క్రింద వెచ్చబడుతుంది. 4000 రెంటికీ నడుమ. దీపం మన వెనుక ఉంటే మన నీడే కూరగాయల మీద పడుతుంది గనుక, గట్టుకు సరిగ్గా పైన ఉండాలి.

మేము చేసినది

అలమరలను ముట్టుకోలేదు. గట్టు ముందు అంచు పొడవునా రెండంగుళాల తెల్లరాతి పట్టీ అతికించాము. గోడకు మీగడ రంగు వేశాము. బూడిదరంగు పిడులు తీసి ఇత్తడివి బిగించాము. పై అలమర అడుగున 4000 కెల్విన్ దీపం ఒకటి పెట్టాము. ఇదంతా కలిపి అలమరల ఖర్చులో చిన్న భాగమే అయింది. రంగుల మేస్త్రి, "ఇదేదో ముందే చేసి ఉంటే ఒక కోటు రంగు మిగిలేది గదండీ" అన్నాడు. నిజమే.

పని ముగిసిన మరునాడు మా అమ్మను పిలవలేదు. బలవంతం చేస్తే బాధపడుతుందని ఊరుకున్నాము. మూడవ రోజు తెల్లవారుజామున వంటగదిలో ఆవాలు చిటపటలాడిన చప్పుడు వినబడి లేచి వెళ్ళాము. ఆమె తెల్ల పట్టీని వేలితో తాకి, గిన్నెను దానికి ఇవతలగా భద్రంగా దించింది. మమ్మల్ని చూసి, "ఇప్పుడు కనబడుతోంది నాయనా. కోడలిని ఇంకాసేపు పడుకోనీ," అన్నది.

తరువాతి నెలలో కంటి ఆపరేషన్ కూడా చేయించాము. ముందే చేయించవలసిన పని అది. మీ ఇంట్లో రంగులు ఎంచుకునే రోజున షాపులోని పటాల కంటే ముందు, ఆ గదిలో నిలబడి వండేవారి కళ్ళను అడగండి.